మేతెన్ రేవులో సున్నా

మేతెన్ దీవిలో ఓడ రెండు వారాలకొకసారి ఆగుతుంది. ఆగితే నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ రేవుకి మహారాణి వెల్మీనా. రేకుల షెడ్డు కింద కుంటి బల్ల ఒకటి వేసుకుని టికెట్లు చింపుతూ, ఎవరి గంప ఎక్కడ పెట్టాలో, ఎవరి మేకని ఎవరు పట్టుకోవాలో అరిచి చెబుతూ ఉంటుంది. ఊరి పెద్దని అక్కడ రాజుగారంటారు. ఆ రాజుగారైనా సరే ఆ పూట ఆవిడ మాటకి ఎదురు చెప్పరు. మిగతా పదమూడు రోజులూ ఆవిడా అందరిలాగే కొబ్బరికాయలు ఒలుచుకుంటుంది.

ఆ బల్ల మొదట ఆవిడ మొగుడు ఎలీఫాస్‌ది. అసలు ఆ ఓడే ఎలీఫాస్ తెప్పించినది. అంతకుముందు మేతెన్ వాళ్లకి పక్కనున్న లెహూ దీవికి పోవాలన్నా తెడ్ల పడవే గతి. ఆషాఢంలో తూర్పుగాలి మొదలైతే ఆ పడవ కూడా నీళ్లలోకి దిగదు, మూడు నెలలు ఎక్కడివాళ్లు అక్కడే. ఎలీఫాస్ ఎక్కడినుంచో ఓడల చట్టం అచ్చుప్రతి ఒకటి సంపాదించాడు. దీవికీ దీవికీ మధ్య సరుకు మోసే ఓడ మీద సొంత దేశం జెండానే ఎగరాలని అందులో ఉంది. వ్యాపారికి గిట్టుబాటు కాని దారిలో సర్కారే డబ్బిచ్చి ఓడ నడిపించాలని కూడా ఉంది. ఆ రెండో మాట చదివిన రోజు నుంచి ఆయన మామూలు మనిషి కాలేదు. తొమ్మిదేళ్లు కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. రాత్రి పక్క మీద కూడా పెళ్లానికి ఆ చట్టమే చదివి వినిపించేవాడు, ఆవిడ రెండో వాక్యానికే గురక పెట్టేది.

చివరికి సర్కారు లిస్టులో మేతెన్ పేరెక్కింది. 'సెతియా' అనే తెల్ల ఓడ వచ్చి ఆగింది. ఎలీఫాస్ ఏడాదిపాటు ఆ బల్ల దగ్గర కూర్చుని, ఒక మధ్యాహ్నం గుండె నొప్పితో పోయాడు. అప్పటినుంచి పదకొండేళ్లుగా వెల్మీనాయే కూర్చుంటోంది. ఓడ కూత వినిపించినప్పుడల్లా ఆయనే పిలిచినట్టుంటుంది ఆవిడకి. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

జూలై చివరలో ఒక రోజు కెప్టెన్ దాయెంగ్ నాబా ఓడ దిగి నేరుగా ఆవిడ బల్ల దగ్గరికొచ్చాడు.

"వెల్మీనక్కా, వచ్చే ట్రిప్పులో నాతో జకార్తా ఆఫీసరొకాయన వస్తున్నాడు."

"రానీ. టికెట్టు కొంటాడా, పుణ్యానికా?"

"నవ్వులాట కాదక్కా. స్టాపుల లిస్టు మళ్లీ రాస్తున్నారు. ఆయన ప్రతి రేవులో నిలబడి ఎంతమంది ఎక్కారు, ఎంత సరుకెక్కింది అని రాసుకుంటాడు. పోయినేడు తబేయాలో ఇలాగే రాసుకుపోయారు. ఇప్పుడు తబేయాలో నేను ఆగట్లేదు."

వెల్మీనా చేతిలో టికెట్ల కట్ట అలాగే ఉండిపోయింది. మేతెన్‌లో మామూలుగా ఎక్కేది పదకొండుమంది. పాస్టరుగారికి పంటి నొప్పి వస్తే పన్నెండు.

"తీసేస్తారంటావా?"

"నేను ఓడ నడిపేవాణ్ణి. పైవాళ్ల మనసులో ఏముందో నాకేం తెలుసు? జనాన్ని మాత్రం పోగెయ్యి."

ఆ పదమూడు రోజులూ వెల్మీనా కొబ్బరికాయ ముట్టుకుంటే ఒట్టు. ఇల్లిల్లూ తిరిగింది. జకార్తా నుంచి పెద్దమనిషి వస్తున్నాడు, ఆ రోజు అందరూ రేవులో ఉండాలి, ఇంట్లో ఉన్నవన్నీ రేవుకి తేవాలి అని చెప్పింది. అందరూ తలూపారు. డొమింగస్ నలభై కోళ్లు లెహూ సంతకి పంపుతానన్నాడు. ఇంకొకాయన అరటిగెలలన్నాడు. పాస్టరుగారు నొప్పి లేకపోయినా పన్ను చూపించుకోవడానికి వెళ్తానని మాటిచ్చాడు. ఆవిడకి కాస్త ధైర్యం వచ్చింది.

ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటికి దూరాన కూత వినపడింది. వెల్మీనా బల్ల తుడిచి, కొత్త టికెట్ల కట్ట విప్పి కూర్చుంది. రేవులో ఒక్క పిట్ట లేదు. ఊళ్లో మాత్రం ప్రతి ఇంటి పెరట్లోంచీ పొగ లేస్తోంది. ఎదురుగా రాజుగారు మెల్కియాస్ తలకి ఎర్ర గుడ్డ చుట్టుకుని, భుజాన జరీ కండువా వేసుకుని, పెళ్లికొడుకులా నడిచొస్తున్నాడు.

"జనం ఏరి రాజుగారూ?"

"వంటల్లో ఉన్నారు."

"వంటలేంటి? టికెట్లు కొనమన్నాను గదా!"

"అతిథి దిగుతుంటే మనం ఎక్కడమా? ఆయనకి వీపు చూపించి పోవడమా? నీకు మతి గానీ పోయిందా వెల్మీనా?"

అప్పుడు ఆవిడకి వెలిగింది. మేతెన్‌లో ఒక కట్టుబాటుంది. అతిథి ఊళ్లో ఉన్నంతసేపూ ఊరివాడు ఊరు దాటకూడదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తెలిసిన సంగతే. కానీ వచ్చేవాణ్ణి ఆవిడ పరీక్షాధికారి అనుకుంది. ఊరు అతిథి అనుకుంది. జకార్తా నుంచి పెద్దమనిషి అని ఇంటింటికీ తిరిగి చెప్పింది మరి ఆవిడే!

"పోనీ సరుకన్నా ఎక్కిద్దాం. డొమింగస్ నలభై కోళ్లు పంపుతానన్నాడు..."

"అవే ఉడుకుతున్నాయి" అన్నాడు రాజుగారు తృప్తిగా. "లెహూ నుంచొచ్చిన మన బడి సాయిబు పంతులుగారి చేత కోయించాం. వచ్చే ఆయన నమాజు చేసే మనిషి గదా, మన చేత్తో కోసినవి తినడు."

"అరటిగెలలు?"

"వేగుతున్నాయి."

ఆఫీసరు సుహెర్లాన్ సన్నగా, బక్కగా, సముద్రం పడక పచ్చబడిన మొహంతో దిగాడు. మెడలో దారానికి పెన్ను, చేతిలో అట్టకి బిగించిన కాయితం. షెడ్డు వైపు చూశాడు. ఖాళీ రేవు వైపు చూశాడు.

"ఎక్కేవాళ్లు ఎవరూ లేరామ్మా?"

"వస్తారు సార్... అంటే, మామూలుగా వస్తారు..."

ఆవిడ మాట పూర్తి కాకుండానే డప్పులు మోగాయి. ఆడవాళ్లు పొడుగాటి తెల్లగుడ్డ పట్టుకొచ్చి, ఆయన్ని మధ్యలో పెట్టి, చుట్టి, ఆడుతూ పాడుతూ ఊళ్లోకి నడిపించుకుపోయారు. ఆయన కాయితాన్ని గుడ్డకి తగలకుండా చెయ్యెత్తి పట్టుకుని పోయాడు.

బడి ముందు పందిట్లో విందు. సాగో చెట్టు పిండితో కాచిన జిగురు జావ కర్రలకి చుట్టి ఆయన పళ్లెంలో పడేశారు, మీద పసుపు చేపల పులుసు పోశారు. ఆయన చెంచాతో పట్టుకోబోయినప్పుడల్లా అది జారిపోతుంటే, పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. పళ్లెం పెదాలకి ఆనించి జుర్రేయాలని పాస్టరుగారు చేసి చూపించాడు. రెండో పళ్లేనికి ఆయన బాగానే జుర్రాడు. పచ్చిమిరప నిమ్మరసం పచ్చడి తగిలేసరికి ఆయన మొహంలో రంగు తిరిగొచ్చింది. కోడి తొడ మీద తొడ పడుతూనే ఉంది. మధ్యలో ఆయన చెయ్యి తుడుచుకుని, పెన్ను తీసి కాయితం మీద ఏదో రాశాడు. వెనక నుంచి వెల్మీనా తొంగి చూసింది. 'ఎక్కినవారు' అన్న గడిలో సున్నా. 'ఎక్కిన సరుకు' అన్న గడిలో ఇంకో సున్నా. రెండూ గుండ్రంగా, ఏ తొందరా లేకుండా రాసినవి.

ఆవిడ వంటపాక వెనక్కి పోయి కూలబడింది. ఎలీఫాస్ తొమ్మిదేళ్లు తిరిగి తెచ్చినదాన్ని తను ఒక్క పూటలో పోగొట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

రాజుగారి మేనత్త ఒర్పా ముసలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఆవిడ ఏడుపంతా చూసింది.

"ఎందుకే ఆ శోకాలు? ఎవరన్నా పోయారా?"

"మనుషులు కాదత్తా, ఓడ పోతోంది! ఒక్కళ్లు ఎక్కలేదు. ఇంక మనకి ఆగదు."

"వస్తే ఎక్కకూడదు గానీ, పోతుంటే ఎక్కకూడదని ఎవరన్నారే? అతిథిని పక్క రేవుదాకా వెంట వెళ్లి దిగబెట్టక్కర్లా? బిషప్పుగారొచ్చినప్పుడు ఊరంతా పడవలేసుకుని లెహూ దాకా వెళ్లలా?"

వెల్మీనా ముక్కు చీదడం ఆపింది.

"పడవలు ఈ గాలికి కదలవు గదత్తా."

"మరి రేవులో నిలబడింది ఏంటే? పడవ కాదూ అది?"

ఆవిడ లేచి రాజుగారి దగ్గరికి పరిగెత్తింది. రాజుగారు ఒక్క క్షణం ఆలోచించి, జరీ కండువా సర్దుకుని, శంఖం ఊదించాడు. ఆ తర్వాత రేవులో జరిగింది మేతెన్ చరిత్రలో లేదు. బల్ల ముందు వరస షెడ్డు దాటి, బడి దాటి, చర్చి మెట్ల దాకా పోయింది. వెల్మీనా వేళ్లు నొప్పులు పుట్టేలా టికెట్లు చింపింది. సర్కారు ఓడ టికెట్టు కాబట్టి రెండు కొబ్బరికాయల ఖరీదే, ఎవరూ గొణగలేదు. నూట నలభై ముగ్గురు. ఒర్పా ముసలమ్మా, ఇంకో ఇద్దరు నడవలేని ముసలాళ్లూ, కుక్కలూ మాత్రం ఊళ్లో మిగిలారు.

అతిథికివ్వాలని తెచ్చిన కానుకలు గంపలకెక్కాయి. సుహెర్లాన్ రెండు చేతులూ జోడించి, "ఇవి పుచ్చుకుంటే నా ఉద్యోగం పోతుందమ్మా" అని బతిమాలాడు. "మరేం ఫర్వాలేదు సార్" అని వెల్మీనా ఆ గంపలన్నీ లెహూ సంతకి సరుకు కింద రాసేసింది. ఆ గడి కూడా నిండింది. ఇంక ఈ జన్మకి తనకేం అక్కర్లేదనుకుని, బల్ల షెడ్డులో బోర్లించి, నూట నలభై మూడో టికెట్టు తనకే చింపుకుని ఎక్కేసింది.

ఓడంతా తిరునాళ్లయింది. డప్పులు ఆగలేదు. డెక్కు మీద ఒక మూల సుహెర్లాన్ గోడకి వీపు ఆనించి, కాయితం చూసుకుంటూ దిగులుగా కూర్చున్నాడు. వెల్మీనా వేడి టీ తీసుకుపోయి ఇచ్చింది.

"నూట నలభై ముగ్గురు సార్" అంది, వద్దనుకున్నా గర్వం ఆగక.

"చూశానమ్మా. అదే నా బాధ" అన్నాడాయన. "పొద్దున్న ఆ ఖాళీ రేవు చూసి, పాపం, సర్కారు ఓడ నిజంగా కావలసింది ఇలాంటి చోటికే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఇంత జనం! ఇంతమంది ఎక్కే రేవుకి సర్కారు డబ్బెందుకు? వ్యాపారుల ఓడలే వస్తాయి. తబేయాలో అంతే. వారానికి మూడు ప్రైవేటు ఓడలొస్తున్నాయి, అందుకే అక్కడ మాది మానేశాం."

వెల్మీనా చేతిలోని టీ సగం ఆయన కాలి మీద ఒలికింది.

"జనం లేకపోతే కాదా సార్ తీసేసేది?"

"జనం ఉంటే తీసేస్తాం."

ఆవిడకి చట్టంలో మాట గుర్తొచ్చింది. వ్యాపారికి గిట్టుబాటు కాని దారిలో! రాత్రిళ్లు ఎలీఫాస్ చదివి వినిపించినది అదే గదా. తొమ్మిదేళ్లు ఆయన చదివాడు, తొమ్మిదేళ్లు తను గురక పెట్టింది. సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ సుహెర్లాన్ ముందు చతికిలబడి మొత్తం కక్కేసింది. కెప్టెన్ మాట, ఇంటింటికీ తిరగడం, అతిథి ముందు ఊరు దాటకూడదన్న కట్టుబాటు, ఒర్పా ముసలమ్మ సలహా, ఒక్కటీ దాచలేదు.

"వీళ్లు ప్రయాణీకులు కాదు సార్. మిమ్మల్ని దిగబెట్టడానికొచ్చారు. మామూలుగా పదకొండుమందే. ఏ వ్యాపారి పదకొండుమంది కోసం ఇంత దూరం ఓడ తోలతాడు? మా ఆయన ఈ ఓడ కోసమే ప్రాణం పెట్టాడు సార్. నా తెలివితక్కువతనానికి ఊరిని శిక్షించకండి."

సుహెర్లాన్ కాలు తుడుచుకున్నాడు.

"నేను నమ్ముతానమ్మా. కానీ నమ్మింది రాయకూడదు, చూసింది రాయాలి. కళ్లారా చూసింది నూట నలభై ముగ్గురిని. ఏం రాయమంటావు?"

ఐదు గంటల ప్రయాణంలో మిగిలిన మూడు గంటలూ ఆవిడ రెయిలింగ్ పట్టుకుని నీళ్లవైపు చూస్తూ నిలబడింది. వెనక డప్పులు మోగుతూనే ఉన్నాయి.

లెహూ రేవులో నూట నలభై ముగ్గురూ దిగారు. సుహెర్లాన్ కూడా అక్కడి లెక్క రాసుకోవడానికి దిగాడు. మేతెన్ వాళ్లు ఆయన చుట్టూ నిలబడి వీడ్కోలు పాట మొత్తం పాడారు. రాజుగారు ఆయన్ని కౌగలించుకుని, "మా బాధ్యత తీరింది బాబూ, ఇంక మేం వస్తాం" అన్నాడు.

"మంచిదండీ. ఎలా వెళ్తారు?" అన్నాడు సుహెర్లాన్, మర్యాదకి.

రాజుగారు నోరు తెరిచాడు. అలాగే ఉంచాడు. పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు డొమింగస్ వైపు చూశాడు. డొమింగస్ సముద్రం వైపు చూశాడు. గాలికి అలలు గట్టు మీదికెగిరి పడుతున్నాయి.

"బిషప్పుగారప్పుడు ఎలా వెళ్లాం?" అన్నాడెవరో వెనక నుంచి.

"మన పడవలు మనకున్నాయి గదరా అప్పుడు! వాటిల్లోనే తిరిగెళ్లాం."

ఎవరికీ ఆ ముక్క తట్టలేదు. నూట నలభై ముగ్గురిలో ఒక్కరికీ. డప్పులు ఒకటొకటిగా ఆగిపోయాయి. రాజుగారు కెప్టెన్ దగ్గరికి పోయి గొంతు తగ్గించాడు.

"దాయెంగ్, అలా ఒకసారి వెనక్కి తిప్పి మమ్మల్ని దింపి రారాదూ?"

"ఆటోనా రాజుగారూ ఇది? స్టాపుల వరస తప్పితే ఈ ట్రిప్పుకి సర్కారు నయాపైస ఇవ్వదు. తూర్పు కొసదాకా పోయి, పద్నాలుగో రోజుకి ఇటు తిరిగొస్తా. అప్పుడు ఎక్కించుకుపోతా."

"ఈలోగా వేరే ఓడ?"

"మీ దీవికా? ఎవడొస్తాడు?"

సుహెర్లాన్ ఆ మాట విన్నాడు. ఆయన మొహంలో ముందు ఆశ్చర్యం, తర్వాత నవ్వు, ఆ తర్వాత ఆపుకోలేని నవ్వు వచ్చాయి. లంగరు తాడు కట్టే ఇనప దిమ్మ మీద కూలబడి, కళ్లు తుడుచుకుని, పెన్ను తీశాడు. రాసి, కాయితం వెల్మీనా వైపు తిప్పాడు.

"చూసింది రాయాలన్నాను గదమ్మా. చూసిందే రాశాను."

'ఊరు విడిచినవారు: నూట నలభై ముగ్గురు. వేరే ఓడలో తిరిగి ఇల్లు చేరగలవారు: 0.'

ఆ సున్నా కూడా పొద్దుటిలాగే గుండ్రంగా, ఏ తొందరా లేకుండా ఉంది. వెల్మీనా దాని మీద వేలు పెట్టి చూసుకుంది. పొద్దున్న ఏడిపించిందీ సున్నాయే, ఇప్పుడు ఏడిపిస్తోందీ సున్నాయే.

లెహూ మసీదు ఊరు, మేతెన్ చర్చి ఊరు. అయినా తాతల నాడు రెండూ రక్తం కలుపుకుని అన్నదమ్ములమని ఒట్టేసుకున్నవి. ఒకరేమడిగినా రెండోవారు కాదనకూడదు. లెహూ రాజుగారు గఫార్ రేవుకొచ్చి, ఆ మందని చూసి, గుటక మింగి, వెంటనే పళ్లన్నీ కనపడేలా నవ్వాడు.

"రండి రండి! ఎన్నాళ్లుంటారు తమ్ముడూ?"

"ఎంత, రెండు వారాలే అన్నా" అన్నాడు మెల్కియాస్ నేల చూపులు చూస్తూ.

"ఇంతేనా?" అన్నాడు గఫార్. సరుకు కింద వచ్చిన గంపలు సంతకి పోలేదు, తిన్నగా వంటిళ్లకి పోయాయి. మేతెన్ వాళ్లు ఆ రెండు వారాల్లో మసీదు పైకప్పు మార్చారు, వలలు బాగుచేశారు. పాస్టరుగారు ఆదివారం ప్రార్థన గఫార్ అరుగు మీదే కానిచ్చాడు. నిజంగానే పన్ను నొప్పొచ్చి, పన్ను కూడా పీకించుకున్నాడు.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం కూత వినపడింది. సెతియా వచ్చి ఆగగానే దాయెంగ్ నాబా ఒక కవరు ఊపుకుంటూ దిగాడు. సుహెర్లాన్ తూర్పు కొసలో దిగి విమానంలో వెళ్లిపోయాడట. పై ఆఫీసుకిచ్చిన కాయితం నకలు ఓడ తిరుగుదారిలో ఒక రేవుకి విమానంలో పంపి, వెల్మీనాకి ఇమ్మన్నాడట. కింద ముద్ర, సంతకం. పక్కన ఎవరో పెద్దాయన ఎర్ర సిరాతో రాసిన ఒకే వాక్యం: 'మేతెన్ స్టాపు కొనసాగించాలి.'

ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. ఇంటికెళ్లాక ఎలీఫాస్ చట్టం ప్రతిలో, ఆ రెండో వాక్యం దగ్గర పెట్టాలి. ఇవాళ రాత్రి ఆ పేజీ పైకి చదవాలి, ఈసారి నిద్రపోకుండా.

"ఇంక ఎక్కండి, ఎక్కండి!" అని దాయెంగ్ చప్పట్లు కొట్టాడు. మేతెన్ వాళ్లు ఎక్కారు. అందరూ ఎక్కాక చూస్తే రేవులో వరస ఇంకా అలాగే ఉంది. తలకి పాగా చుట్టుకున్న గఫార్, వెనక ఆడవాళ్లు, పిల్లలు, డప్పులు, గంపలు. లెహూ ఊరంతా.

"వీళ్లెవరు?" అన్నాడు దాయెంగ్.

"అతిథులు వెళ్తుంటే దిగబెట్టక్కర్లేదా?" అన్నాడు గఫార్ నొచ్చుకుంటూ. "వాళ్లకి తెలిసిన మర్యాద మాకు తెలియదనుకున్నావా?"

దాయెంగ్ తల పట్టుకున్నాడు. "వెల్మీనక్కా, నువ్వన్నా చెప్పు! వీళ్లు మేతెన్ వస్తారు సరే, మళ్లీ ఎలా తిరిగొస్తారు?"

వెల్మీనా ఓడెక్కకుండా అప్పటికే లెహూ టికెట్ల బల్ల దగ్గర కూర్చుంది. వేలు తడి చేసుకుని మొదటి టికెట్టు చింపి గఫార్ చేతిలో పెట్టింది.

"మన ఓడ వస్తుందిగా" అంది.